నాచుకి మందేస్తే పోయేది నాచే, మేత కాదు

ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు పెంచే సరదా ఉన్నవాళ్ళని అడగండి, ఎర్రటి జిగురు పొర గురించి చెబుతారు. ఇసుక మీద, రాళ్ళ మీద పట్టేస్తుంది. చూడడానికి నాచులా ఉన్నా అది సైనోబాక్టీరియా. బాక్టీరియా కాబట్టి ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ వేస్తే నాలుగు రోజుల్లో మాయమవుతుంది. చాలాసార్లు కొన్ని వారాలకి మళ్ళీ ప్రత్యక్షం. ఎందుకంటే చేపలకి వేసే మేత తగ్గలేదు, నీళ్ళలో నైట్రేటు, ఫాస్ఫేటు తగ్గలేదు.

డబ్బున్నవాళ్ళ సరదా గోల మనకెందుకు అంటారా? ఇదే కథ మన కృష్ణా డెల్టాలో ఎకరాల లెక్కన నడుస్తోంది. కైకలూరు, కలిదిండి, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు వెళ్ళి చూడండి, ఎటు చూసినా చెరువులే. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక ఈ సాగు ఇంకా పెరిగింది. గాజుతొట్టె పాడైతే పోయేది సరదా. చెరువు పాడైతే పోయేది ఆ ఇంటి బతుకు.

చెరువులో నాచు కొంత ఉండాల్సిందే. పగలు ఆక్సిజన్ ఇచ్చేది, అమ్మోనియా లాక్కునేది అదే. అది ముదిరి నీలి ఆకుపచ్చ తెట్టులా తేలినప్పుడే గొడవ. ఎందుకు ముదురుతుంది? రొయ్యల మేతలో దాదాపు 35 శాతం మాంసకృత్తులుంటాయి. అందులోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది సుమారు మూడో వంతు లోపే. మిగతాది నీళ్ళలోకీ, అడుగు బురదలోకీ చేరుతుంది. అంటే రొయ్యకని కొన్న మేతతో నాచుని కూడా పెంచుతున్నామన్నమాట.

ఇప్పుడు మైలుతుత్తం చల్లారనుకోండి. నాచు చస్తుంది. చచ్చిన నాచు అక్కడే కుళ్ళుతుంది, కుళ్ళడానికి ఆక్సిజన్ లాగేస్తుంది. అసలే తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తక్కువ. ఇది కూడా తోడైతే రొయ్యలు పైకి తేలతాయి. పైగా రాగి ఎక్కడికీ పోదు, బురదలో చేరి కూర్చుంటుంది. మోతాదు మించితే రొయ్యకే విషం, నీటిలో క్షారత తక్కువైతే మరీను. అందుకే అక్వేరియం వాళ్ళు పగడాలున్న తొట్టె దగ్గరికి రాగి మందుని రానివ్వరు.

మా సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటిదొకటి ఉంది. ప్రోగ్రాంలో మెమరీ లీకవుతుంటే, తప్పెక్కడుందో వెతక్కుండా రోజూ రాత్రి సర్వర్ రీస్టార్ట్ చేస్తుంటారు. పొద్దున్నే అంతా బాగున్నట్టే ఉంటుంది. కాకపోతే సర్వర్ని రీస్టార్ట్ చేయొచ్చు, చచ్చిన రొయ్యని చేయలేం.

ఇక యాంటీబయాటిక్స్ సంగతి. 2001, 2002లలో ఆసియా రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాళ్ళు యూరప్‌లో బయటపడ్డాయి. మన దేశంలో కూడా రొయ్యల సాగులో వాటిని నిషేధించారు. 2016లో యూరోపియన్ యూనియన్ మన సాగు రొయ్యల సరుకులో తనిఖీ వాటాని 10 నుంచి 50 శాతానికి పెంచింది. ఈ మందులు జబ్బులకని వాడినవే, నాచుకని కాదు, ఒప్పుకుంటాను. కానీ అలవాటు అదే: నీళ్ళలో తేడా కనిపించగానే సీసా వెతుక్కోవడం.

దీనికి రైతుని తిట్టడం తేలిక. నేను తిట్టను. మూడు నాలుగు నెలల పంట, నెత్తిన అప్పు, పక్కన సలహా చెప్పే దిక్కు ఎవరు? చాలాచోట్ల మేత, మందులు అరువిచ్చే దుకాణమే. నీళ్ళ రంగు చూసి రోగం చెప్పేదీ అక్కడే, మందు అమ్మేదీ అక్కడే. "ఇవాళ మేత తగ్గించు" అని వాళ్ళెందుకు చెబుతారు? మేత అమ్మేది కూడా వాళ్ళేగా!

ఇంకో చిక్కుంది. చాలాచోట్ల ఒకరు డ్రెయిన్లోకి వదిలిన నీళ్ళనే కింద ఇంకొకరు మోటారుతో తోడుకుంటారు. నా చెరువు, నా మందు, నా ఇష్టం అంటే డెల్టాలో కుదరదు.

మందు అసలొద్దని నేననడం లేదు. క్షారత కొలిచి, ఏరేటర్లు తిప్పుతూ, తెలిసినవాళ్ళు చెప్పిన మోతాదులో అత్యవసరానికి వాడొచ్చు. కానీ ముందు చెక్ ట్రేలో మిగిలిన మేత చూడాలి, మబ్బు పట్టిన రోజు మేత కోయాలి, గాలికి ఒక మూలకి చేరిన తెట్టుని తీసిపారేయాలి. వీటిలో దేనికీ బిల్లు రాదు, అందుకే వీటి గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

నా ఉద్దేశంలో మొదట మారాల్సింది ఒకటే. నీళ్ళు పరీక్షించేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే కాకూడదు. మండలానికొకటి, అమ్మకంతో సంబంధం లేని నీటి పరీక్ష కేంద్రం పెట్టి, రైతు నమూనా ఇచ్చిన రోజే ఫలితం చేతికివ్వాలి. ఎగుమతి డాలర్ల గురించి గొప్పలు చెప్పుకునే ప్రభుత్వానికి ఇదేమంత పెద్ద ఖర్చు కాదు. మీరేమంటారు?