సముద్రాన్ని తొందరపెట్టరాదు



ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రతీరం లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్ళూరుపేట, వాకాడు వైపు మండలాలు కలిసిన తరువాతనే మన తిరుపతికి కడలి దక్కింది. అయితే కొందరికి ఆ సముద్రం చాలలేదు. ఏకంగా హాలులోనికే తెచ్చుకుంటున్నారు. ఈ నడుమ రెండు గృహప్రవేశాలలో చూశాను. నీలికాంతులు చిమ్మే గాజుతొట్టి, అందులో నారింజ వన్నెపై తెల్లచారల క్లౌన్ చేపలు, మూల నాలుగు పగడపు కొమ్మలు. "మంచినీటి చేపలు పాతబడ్డాయి మాస్టారూ, ఇది ఉప్పునీళ్ళ తొట్టి" అని ఇంటాయన గర్వంగా పలికాడు. మూడు వారాల తరువాత వెళితే ఆ తొట్టిలో ప్లాస్టిక్ పూలున్నాయి.

నాకు తొట్టెలమీద పగ లేదు. నా తగవు తొందరపాటుతో. ఆ తొందరను సరుకుగా అమ్మేవారితో, కొనే మనతో. ముందుగా నా తప్పు ఒప్పుకొని తరువాత ఎదుటివారిని నిలదీస్తాను.

కొన్నేళ్ళ క్రిందట మనవడు వేసవి సెలవులకు వచ్చినప్పుడు నేనూ ఒక తొట్టి కొన్నాను. వంద లీటర్లది. నీళ్ళు నింపి ఎన్నాళ్ళు ఆగాలని అడిగితే దుకాణదారుడు నవ్వాడు. "నెల దినాలు ఎవురు కాచుకోనుంటారు సార్? ఈ సీసా పోసేయండి, రేపే చేపలు వదలొచ్చు" అన్నాడు. నలభై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, ఆనాడు విద్యార్థిగా ఒక్క ప్రశ్న వేయలేదు. మరునాడే అయిదు చేపలు వదిలాము. తొమ్మిదవ నాటికి ఒక్కటీ లేదు. పిల్లవాడు మొదటి చేపకు ఏడ్చాడు, రెండవదానికి ముఖం తిప్పుకున్నాడు. అయిదవదానికి "పోనీలే తాతా, వేరేవి కొందాం" అన్నాడు. చేపల చావుకంటె ఆ మాట నన్ను ఎక్కువ బాధించింది. ప్రాణం పోతే అంగడిలో మరొకటి దొరుకుతుందన్న పాఠం వాడికి నేర్పిన గురువును నేనే.

ఆ చేపలు ఎందుకు చచ్చాయి? చేప తన మొప్పల గుండా నిరంతరం అమ్మోనియాను విడుస్తుంది. కడలి విశాలం కనుక అక్కడ అది లెక్కలోనికి రాదు. వంద లీటర్లలో అది విషం. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.2 ప్రాంతంలో ఉంటుంది, అంతటి క్షారగుణంలో అమ్మోనియా మరింత ప్రాణాంతకమవుతుంది. దానిని హరించేవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైట్‌గా, మరొక తెగ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. రాళ్ళమీద, ఇసుకలో ఈ రెండు తెగలూ కాపురం పెట్టడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఆ తొట్టిలో చేప ఉండరాదు. సీసాలో అమ్మే సూక్ష్మజీవులు కొంత తోడ్పడవచ్చు, కాదనను. కాని పనిచేసిందో లేదో చెప్పవలసినది పరీక్షాద్రవం, దుకాణదారుడు కాదు. అమ్మోనియా కొద్దిగా కలిపితే ఒక్క దినంలో అదీ, నైట్రైటూ రెండూ సున్నాకు దిగాలి. అప్పుడే మొదటి చేప. అదీ ఒకటో రెండో.

ఇక నీటి సంగతి. వంటింటి ఉప్పు కలిపితే సముద్రం కాదు. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి, వాటిలో మెగ్నీషియం, కాల్షియం మొదలైనవన్నీ పాలుపంచుకుంటాయి. ఆ పాళ్ళలో చేసిన ప్రత్యేక లవణం వంద లీటర్లకు మూడున్నర కిలోలు కావాలి. మన బోరునీళ్ళ కాఠిన్యం మీకు చెప్పనక్కరలేదు, బిందె అడుగున పేరుకునే తెల్లని పొరే సాక్ష్యం. ఆర్.ఓ. యంత్రంలో వడకట్టిన నీరు తప్పదు. ఆ యంత్రం లీటరు మంచినీటికి రెండుమూడు లీటర్లు బయటికి వదులుతుంది, ట్యాంకరు కోసం కాచుకునే మనం దానిని ఇల్లు తుడవడానికైనా పట్టి ఉంచాలి. ఆవిరైపోయేది నీరేగాని ఉప్పు కాదు. కనుక తరిగిన మేరకు మంచినీరే పోయాలి. ఉప్పునీరు పోస్తూ పోతే పదినాళ్ళలో తొట్టి లవణకూపమవుతుంది.

అన్నిటికంటె కఠినమైనది ఎండ. పగడాలకు 24 నుండి 27 డిగ్రీలు హితం. మే నెలలో తిరుపతి ఎండ 40 దాటుతుంది. నీటిని చల్లబరచే చిల్లర్ యంత్రమో, రేయింబవళ్ళు నడిచే ఏసీయో కావాలి, కరెంటు పోయినప్పుడు గాలి ఊదే బ్యాటరీ పంపు కావాలి. వీటి ఖర్చు ముందుగా చెప్పకుండా తొట్టి అమ్మడం, పెండ్లిపిల్ల జబ్బు దాచి పెండ్లి చేయడం వంటిది.

మన నిఘంటువులు పగడాన్ని విద్రుమమన్నాయి. ద్రుమమంటే చెట్టు. రూపం చూసి పెద్దలు అలా భావించారు. నిజానికది ప్రాణుల సమూహం. ఒక్కొక్క జీవి తన దేహంలో సూక్ష్మమైన నాచును ఆశ్రయమిచ్చి పోషిస్తుంది, ఆ నాచు ఎండతో వండిన ఆహారంలో వాటా ఇస్తుంది. వేడి ఒకటి రెండు డిగ్రీలు మించి నిలిస్తే ఆ స్నేహం తెగి, నాచు వెడలి, పగడం తెల్లబోతుంది. ప్రపంచమంతటా ఇలా తెల్లబోవడం నాలుగవసారి సంభవించిందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కుజదోషానికి పగడపుటుంగరం తొడిగే మనకు, అది ఒకప్పుడు ప్రాణి అన్న ఎరుకైనా ఉన్నదా?

చట్టం మాట కూడా వినండి. పగడపు దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలనూ, సముద్రగుర్రాలనూ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పెద్దపులి ఉన్నది ఆ షెడ్యూలులోనే. అనగా మన్నారు సింధుశాఖ నుండి ఎవరో విరిచి తెచ్చిన కొమ్మను "పెంపకందే సార్" అన్న మాట నమ్మి కొంటే, చేతిలో పులిచర్మం పట్టుకున్నట్లే. మన్నారు దీవులు 1986 నుండి జాతీయ సముద్ర ఉద్యానం. కాగితం చూపలేనివాని వద్ద పగడం కొనకండి.

"సముద్రంలో మాత్రం పెద్దచేప చిన్నచేపను మ్రింగడంలేదా?" అని ఒక మిత్రుడు నన్ను ఆక్షేపించాడు. మ్రింగుతుంది. అక్కడ ఒక చావు మరొక ఆకలిని తీరుస్తుంది. నా తొట్టిలో చచ్చిన అయిదూ ఎవరి ఆకలి తీర్చాయి?

మరొకరు "అసలు ఉంచనే కూడదు" అంటారు. అంతదూరం నేను రాను. క్లౌన్ చేపలను మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారూ, పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయంవారూ పొదిగించి పెంచి చూపారు. అటువంటి పెంపుడు పిల్లను తెచ్చుకుంటే కడలికి లోటు లేదు. నీలి టాంగ్ సంగతి వేరు. దానిని తొలిసారి బంధనంలో పెంచగలిగినది 2016లో, ఫ్లోరిడాలో. నేటికీ అంగడికి వచ్చేవి ఎక్కువగా కడలిలో పట్టినవే. పైగా అడుగు పొడవు పెరుగుతుంది, వంద లీటర్లు దానికి చెరసాల. 2003 నాటి నీమో చలనచిత్రంలో తొట్టిపాలైన చేప ఇల్లు చేరాలని తపించింది. మనం ఆ చిత్రం చూపించి, అదే చేపను తొట్టిలో వేసి పిల్లలకు బహూకరిస్తున్నాము!

ఇంకొక హెచ్చరిక. చచ్చిన తొట్టి రాళ్ళను మనవారు కాచిన నీళ్ళలో వేసి శుభ్రం చేయబోతారు. జోయాంథిడ్ అనే మెత్తని పగడజాతిలో కొన్నిటికి తీవ్రమైన విషం ఉన్నది. ఆ రాళ్ళను మరిగిస్తే ఆవిరి పీల్చినవారు ఆసుపత్రి పాలవుతారు. ఎన్నడూ మరిగించరాదు.

కనుక నా వాదం ఇంతే. ఆరు వారాలు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోలేనివారు దానిని కొనరాదు, అమ్మేవారు వారికి అమ్మరాదు. ఆ ఖాళీ దినాలు వృథా కావు. పిల్లవానిచేత రోజూ పరీక్ష చేయించి, అంకెలు పుస్తకంలో వ్రాయించండి. అంకె దిగిరావడం చూసినవాడు చేప విలువ ఎరుగుతాడు.

నా తొట్టి ఇప్పుడు అటకమీద ఉన్నది. మనవడు ఈసారి వస్తే మొదట తూపిలిపాళెం ఒడ్డుకు తీసుకొనిపోతాను. అలలు చూశాక కూడా తొట్టి అడిగితే, దించుతాను. చేపలు మాత్రం వాడి పుస్తకంలో సున్నాలు పడిన తరువాతనే.