గినీ పిగ్ ఊయలకు బెత్తెడు ఎత్తు చాలు

విజయవాడ వన్‌టౌన్‌లో మాది చిన్న టైలరింగ్ షాపు. జాకెట్లు, పీకో ఫాల్, స్కూలు యూనిఫాంలు కుట్టే నా దగ్గరికి కొంతకాలంగా ఇంకో రకం పని కూడా వస్తోంది: పెంపుడు జంతువుల పరుపులు, బొంతలు, ఊయలలు. మా ఇంట్లో రెండు గినీ పిగ్‌లు ఉన్నాయని తెలిసినవాళ్లు ఆన్‌లైన్‌లో కొన్న ఊయల పట్టుకొచ్చి, "అక్కా, దీని పట్టీ ఊడిపోయింది, కాస్త కుట్టి పెట్టరా" అంటారు. కుట్టేముందు నేనొకటి అడుగుతాను. ఎంత ఎత్తులో కడుతున్నారు? "కేజ్ పైకప్పుకి" అని జవాబొస్తే పని పక్కనపెట్టి మాట్లాడాల్సి వస్తుంది.

నా చేతికొచ్చిన ఊయలల్లో చాలావాటికి అట్ట మీద గినీ పిగ్ బొమ్మ ఉంటుంది, గుడ్డ కొలతేమో ఎలుకకు సరిపోయేది. అదే అట్ట మీద హ్యామ్‌స్టర్, ఎలుక, ఫెర్రెట్, గినీ పిగ్, చిలుక అని వరసగా అన్ని పేర్లూ అచ్చేస్తారు. ఇన్ని ప్రాణులకు ఒకే ఊయల ఎలా సరిపోతుంది? ఎలుక చువ్వలు పట్టుకుని పాకుతుంది, తోకతో తూకం నిలుపుకుంటుంది. ఫెర్రెట్ ఒళ్లు పాములా మెలికలు తిరుగుతుంది. గినీ పిగ్‌కు తోకే లేదు. పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, ముందు పాదాలకు నాలుగేసి వేళ్లు, వెనక పాదాలకు మూడేసి. ఆ వేళ్లతో దేన్నీ పట్టుకోలేదు.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా ప్రాంతాల్లో వేల ఏళ్ల కిందటే మాంసం కోసం మచ్చిక చేశారు. అక్కడి పల్లెల్లో ఇప్పటికీ వంటింట్లో నేల మీద తిరుగుతూ పెరుగుతుంది. దీని అడవి బంధువులు పొడవాటి గడ్డిలో దారులు చేసుకుని పరుగెడతాయి తప్ప చెట్లెక్కవు. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ ఏం కదిలినా కనిపెడుతుంది, కిందికి ఎంత లోతుందో మాత్రం సరిగ్గా అంచనా కట్టలేదు. పెద్దదయ్యాక 700 గ్రాముల నుంచి 1,200 గ్రాముల దాకా తూగుతుంది. ఆ బరువు అడుగున్నర ఎత్తు నుంచి పడితే కాలు విరగొచ్చు, ముందు పళ్లు విరగొచ్చు, వెన్ను దెబ్బతినొచ్చు.

మా రెండు గినీ పిగ్‌లలో ఒకటైన బూరె ఊయల ఎక్కేటప్పుడు దగ్గర కూర్చుని చూస్తే ఎత్తు సంగతి మొత్తం అర్థమవుతుంది. ముందు ముక్కు పెట్టి అంచును వాసన చూస్తుంది. ముందుకాళ్లు రెండూ గుడ్డ మీద వేసి ఆగుతుంది. గుడ్డ కిందికి కుంగగానే వెనక్కి తీసేస్తుంది, మళ్లీ వేస్తుంది. తర్వాత ఒక్క ఊపులో వెనక భాగాన్ని లోపలికి లాక్కుంటుంది. ఎక్కడం దానికి పెద్ద కష్టం కాదు, చిక్కంతా దిగడంలోనే. తల ముందు, ఒళ్లు తర్వాత. ముందుకాళ్లు నేల తాకేసరికి వెనకపాదం ఇంకా అంచు మీదే ఉంటుంది. ఆ అంచు నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటే ఒళ్లు జారి దిగిపోతుంది. జానెడు ఎత్తులో ఉంటే ముందుకాళ్లకు నేల అందదు, బరువంతా మూతి మీద పడుతుంది. అందుకే నా లెక్క బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు. ఎక్కే అంచు అంతకు మించకూడదు. అది లోపల పడుకున్నాక గుడ్డ అడుగు ఇంచుమించు నేలకు ఆనుతున్నట్టే ఉండాలి. ఫొటోలో అంత బాగా రాదని కొందరంటారు. దానికి ఫొటోతో పనేముంది?

గుడ్డ నా వృత్తి కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. టర్కీ టవల్ గుడ్డ వద్దు. దాని మీద ఉండే సన్నటి ఉచ్చుల్లో గోరు ఇరుక్కుంటుంది, జంతువు బెదిరి లాక్కుంటే గోరు మొదలంటా ఊడుతుంది. నెట్టు గుడ్డ అసలే వద్దు, వేళ్లు కంతల్లో దిగబడతాయి. బొచ్చు గుడ్డ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ ఇవి దేన్నయినా కొరుకుతాయి, ఆ బొచ్చు కడుపులోకి పోతుంది. లోపల దూది, ఫైబరు కూరిన అంచులూ అంతే. మూలన చిన్న కన్నం పడితే చాలు, రాత్రికి రాత్రే లాగేస్తాయి. పూసలు, గుండీలు, కుచ్చులు, ఎలాస్టిక్ ఏవీ ఉండకూడదు.

పోలార్ ఫ్లీస్ మంచిదే. అంచు పోగులు ఊడవు, మెత్తగా ఉంటుంది. కాకపోతే మన ఎండలకు అది దుప్పటి కప్పుకున్నట్టే. నేను కుట్టేవాటికి అడుగున కాన్వాసు, పైన బాగా ఉతికి మెత్తబడ్డ మందపాటి నూలు దుప్పటి గుడ్డ వేస్తాను. నూలు గుడ్డ అంచు పోగులు వదులుతుంది కాబట్టి రెండు మడతలు లోపలికి పెట్టి కుట్టాలి. ఓవర్‌లాక్ చేసి వదిలేస్తే సరిపోదు. ఓవర్‌లాక్ దారం ఒక్కచోట తెగితే చాలు, పొడుగ్గా ఊడి వస్తుంది. ఆ దారం కాలి వేలికి చుట్టుకుందంటే రక్తం ఆడక వేలు నల్లబడుతుంది. కాబట్టి ఉతికిన ప్రతిసారీ గుడ్డను వెలుతురుకు పట్టి చూసి, వేలాడే పోగుల్ని కత్తిరించండి. కొరికి కన్నం చేస్తే మాటు వేయకండి, ఆ గుడ్డే మార్చేయండి.

ఊడిపోయిందని నా దగ్గరికి తెచ్చే పట్టీలన్నిట్లో కనిపించే లోపం ఒకటే. పట్టీని గుడ్డ అంచుకు ఒక్క వరస కుట్టుతో అంటించి వదిలేస్తారు. స్కూలు బ్యాగు భుజం పట్టీ ఎలా కుట్టారో ఒకసారి తిప్పి చూడండి. పట్టీ లోపలికి రెండంగుళాలు పోయి ఉంటుంది, చుట్టూ నలుచదరంగా ఒక కుట్టు, దాని మధ్యలో ఇంటూ గుర్తులా ఇంకో కుట్టు. ఊయల నాలుగు మూలలా ఉండాల్సిన కుట్టు అదే. కొన్న ఊయలకు అలా లేకపోతే పక్క వీధిలో టైలర్‌కిచ్చి వేయించుకోండి, పది నిమిషాల పని. తర్వాత జంతువును ఎక్కించే ముందు రెండు కిలోల బియ్యం సంచి అందులో పెట్టి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారేసరికి గుడ్డ ఎంత సాగింది, కొక్కెం వంగిందా, కేజ్ పక్కకు ఒరిగిందా అన్నీ తెలుస్తాయి.

కొక్కేల సంగతి. ఊయలతో పాటు వచ్చే ప్లాస్టిక్ క్లిప్పుల్ని నేను తీసి పారేస్తాను. మా కస్టమర్ ఒకామె ఇంట్లో అలాంటి క్లిప్పు ఒకటి విరిగింది. గినీ పిగ్ అడుగున్నర ఎత్తు నుంచి వట్టి ప్లాస్టిక్ ట్రే మీద పడింది. ఆ పూటకు మామూలుగానే ఉన్నట్టు కనిపించిందట. మర్నాడు వెనకకాలు ఈడుస్తుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు, ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు తేలింది. వేటాడే జంతువులకు దొరక్కుండా బతకాల్సిన ప్రాణులు ఇవి, నొప్పిని బయటపెట్టవు. అందుకే పడ్డ వెంటనే బాగానే ఉందిలే అని ఊరుకోకూడదు. గడ్డి తినడం మానేసినా, పెంటికలు తగ్గినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. దీని పేగులు ఆగకుండా పనిచేస్తూనే ఉండాలి, ఒక్క పూట పస్తు కూడా ప్రమాదమే.

కాబట్టి కొక్కెం ఇనుముదే వాడండి. స్ప్రింగు మూత ఉండి దానంతటది మూసుకునేది హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. దాని నోరు కేజ్ బయటివైపుకు తిరిగి ఉండాలి. తాళంచెవుల రింగులు వద్దు, వాటి సందులో గోరు ఇరుక్కుంటుంది. సుతిలి తాడు ఒక్క రాత్రిలో కొరికేస్తాయి. నాలుగు మూలలూ పైకప్పుకు కాకుండా పక్క చువ్వలకే, కింది వరసలో తగిలించండి. అప్పుడు ఊయల ఊగదు. ఇవి ఊగే నేలను నమ్మవు, కదిలిందంటే బెదిరి దూకేస్తాయి. ఊయలకూ గోడకూ మధ్య కాలు ఇరుక్కునే సందు లేకుండా చూడండి. వైరు జాలీ పలకలు కలిపి కేజ్ చేసుకున్నవాళ్లు ఆ పలకల మూలలకు కేబుల్ టైలు బిగించాలి, లేకపోతే ఊయల బరువుకు పలకలు లోపలికి వంగుతాయి. కేజ్‌కు తగిలించకుండా విడిగా నిలబడే స్టాండు ఊయల కొనేవాళ్లు కాళ్లు వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి. కింద మాత్రం వట్టి ట్రే వద్దు, మందపాటి గుడ్డో గడ్డో పరచండి.

అసలు గినీ పిగ్‌కు ఊయలే అక్కర్లేదని వాదించేవాళ్లూ ఉన్నారు. వాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం. ముందు కావాల్సింది నేల. రెండింటికి కనీసం ఏడున్నర చదరపు అడుగులు ఉండాలి. ఎప్పుడూ అందుబాటులో ఎండుగడ్డి, రెండు దారులున్న దాక్కునే పెట్టె, తోడుగా ఇంకో గినీ పిగ్ కావాలి. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఒక్క గినీ పిగ్‌నే ఒంటరిగా పెంచడం చట్టరీత్యా కుదరదు. ఇవన్నీ లేకుండా ఊయల కట్టడం అనవసరం. ఉన్నాక మాత్రం కిందికి వేలాడిన మెత్తటి గుడ్డను ఇవి ఇష్టంగానే వాడుకుంటాయి. ఒళ్లు చాపి, వెనకకాళ్లు పక్కకు పెట్టి పడుకున్నప్పుడు చూస్తే తెలుస్తుంది, భయం ఉన్న జంతువు అలా కాళ్లు చాపదు. మా రెండో దానికి, జీడికి, ఊయలంటే గిట్టదు. అది పెట్టెలోనే పడుకుంటుంది. దాన్ని ఎత్తి ఊయల్లో కూర్చోబెట్టాలని పిల్లలు ఎప్పుడడిగినా ఒప్పుకోను. కొత్తగా అలవాటు చేసేవాళ్లు ముందు ఆ గుడ్డను కొన్నాళ్లు నేల మీదే పరిచి ఉంచండి, దాని వాసన పట్టనివ్వండి, ఆ తర్వాతే తగిలించండి. కడుపుతో ఉన్నదానికి, ముసలిదానికి ఊయల తీసేయాలి.

ఎండాకాలం మన ఊళ్లలో వేరే లెక్క. గినీ పిగ్‌కు చెమట పట్టదు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది. బెజవాడ మే నెలలో బయట నలభై అయిదు దాకా పోతుంది. అప్పుడు గుడ్డ ఎంత మంచిదైనా ఊయల విప్పేసి, చల్లటి గదిలో నేల మీద పాలరాతి పలకో టైల్ ముక్కో పెట్టడమే మంచిది. దాని మీదికి అదే వచ్చి పడుకుంటుంది.

ఉతకడం గురించి రెండు మాటలు. ఇవి పడుకున్న చోటే ఉచ్చ పోస్తాయి. తడిగుడ్డ మీద పడుకుంటే పాదాలు పుండ్లు పడతాయి. మార్చి మార్చి వేయడానికి రెండు మూడు గుడ్డలుండాలి, రెండు మూడు రోజులకోసారి ఉతకాలి, కంఫర్ట్ లాంటి వాసన ద్రావణాలు వేయకూడదు.

రోజూ ఎక్కే ఊయలను ఉన్నట్టుండి మానేసిందంటే మారాం అనుకోవద్దు, ఎక్కడో నొప్పి ఉండొచ్చు. పాదంలో పుండు కావచ్చు, కీళ్లు కావచ్చు. మనిషిలాగే గినీ పిగ్ కూడా విటమిన్ సి ఒంట్లో తయారుచేసుకోలేదు. 1907లో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే నార్వే శాస్త్రవేత్తలు స్కర్వీ జబ్బును ప్రయోగశాలలో పుట్టించి చూసింది వీటిలోనే. ఆ విటమిన్ తక్కువైతే కీళ్లు వాచి కాళ్లు నొప్పెడతాయి, ఎక్కలేక జారతాయి. రోజూ ఇంత కాప్సికం ముక్క వేయండి.

ఇక అమ్మేవాళ్ల సంగతి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పిల్లల బొమ్మకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. 2018 నాటి పెట్ షాపుల నిబంధనల్లో గినీ పిగ్ పేరు కూడా ఉంది, ఆ జంతువును షాపులో ఎలా ఉంచాలో చెప్పారు. దాన్ని ఇంటికి తీసుకెళ్లేవాళ్లకు అదే షాపులో అంటగట్టే ఊయల అట్ట మీద మాత్రం ధర, తయారీదారు పేరు తప్ప పనికొచ్చే ముక్క ఒక్కటీ కనపడదు. ఏ జంతువుకు, ఎంత బరువుకు, ఎంత ఎత్తుకు మించకుండా కట్టాలి. ఈ మూడూ అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఇంట్లో కుట్టి అమ్మే నాలాంటివాళ్లకూ ఇదే వర్తించాలి. నేనిచ్చే ప్రతి ఊయలతో ఈ మూడు సంగతులూ కాగితం మీద రాసిస్తున్నాను. గుడ్డకు కుడితే కొరికేస్తాయి కాబట్టి విడిగానే ఇస్తున్నాను.

రేపు మీ గినీ పిగ్ కోసం ఊయల కొనడానికి వెళ్తే షాపువాణ్ణి ఆ మూడూ అడగండి. చెప్పలేకపోతే కొనకుండా వచ్చేయండి. రెండడుగుల దుప్పటి గుడ్డ, రెండు గజాల బ్యాగు పట్టీ, నాలుగు ఇనుప కొక్కేలు తీసుకుని ఏ టైలర్ దగ్గరికెళ్లినా కుట్టిపెడతారు.