గ్రంథాలయపు గంటకును పాఠప్రణాళిక వలదా?

గణితమునకును, భూగోళమునకును, వ్యాకరణమునకును పాఠప్రణాళిక వ్రాసికొనక ఉపాధ్యాయుడు తరగతిలో నడుగిడడు. శిక్షణ కళాశాలలో అలవడిన మొదటి నియమ మదియే. కాని గ్రంథాలయపు గంట వచ్చినపుడు మాత్రము, పెక్కు పాఠశాలలలో, ఆ నియమము చెప్పులతోపాటు గడప వెలుపలనే నిలిచిపోవుచున్నది. “బీరువాలు తెఱచియున్నవి, చదువుకొనుడు” అను నొక్కమాటతో గంట గడచిపోవును. సంవత్సరారంభమున నొకనాడు పిల్లలను వరుసగా నడిపించి, ఇవి కథలు, ఇవి జీవితచరిత్రలు, ఇవి నిఘంటువులు, వీనిని ఇంటికీయము అని చూపి పంపుటకు గ్రంథాలయ శిక్షణ మని పేరు. దీనిని బోధన యని మేమంగీకరింపజాలము. సంతలో త్రిప్పి చూపినంత మాత్రమున ఎవరికిని బేరమాడుట రాదు గదా.

మన గుత్తినే యుదాహరణముగా గైకొందము. ఎనిమిదవ తరగతి బాలుని బిలిచి, “గుత్తిని గూర్చి గ్రంథములనుండి పది వాక్యములు సేకరించి తెమ్ము” అని పంపితి మనుకొనుడు. ఆంగ్లగ్రంథముల చివరనుండు విషయసూచికలో మన యూరి పేరు ‘జీ’ తరువాత రెండు ‘ఓ’లతో నుండును. ఆ సంగతి యెఱుగని బాలుడు ‘యూ’ చెంత వెదకి, లేదని తిరిగివచ్చును. ఆ చిక్కు దాటినను మఱియొకటి కాచుకొని యున్నది. అనంతపురము జిల్లా బళ్లారి జిల్లానుండి వేఱుపడినది 1882లో. కావున 1872లో కెల్సాలు దొర కూర్చిన గ్రంథమున గుత్తి బళ్లారి జిల్లాలోనిది. 1905లో ఫ్రాన్సిసు దొర వ్రాసిన గెజెటీరున అనంతపురము జిల్లాలోనిది. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారి కిచ్చివేయుటచే దీనికి దత్తమండలమను పేరు గలిగినది. 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను పేరు వచ్చినది. ఊరు కదలలేదు, కొండయు కోటయు ఉన్నచోటనే యున్నవి. కాని వానిని వెదకవలసిన మాట నాలుగు విధముల మాఱినది. ఈ రహస్యము చెప్పక బాలుని బీరువాల ముందు నిలుపుట, త్రాడు లేని చేదను చేతికిచ్చి బావి చూపుట వంటిది.

మన్రో దొర సమాధి సంగతి యింకను చక్కని పాఠము. ఆయన 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచిచే మరణించెను. ఒక గ్రంథము గుత్తిలో ఖననము చేసిరని చెప్పును. వేఱొకటి చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ దేవాలయమున సమాధి యున్నదనును. రెండును నిజమే. మొదట ఇచటనే పూడ్చి, 1831లో దేహశేషములను చెన్నపట్టణమునకు గొనిపోయిరి. ఒక పుస్తకము మాత్రమే చూచినవాడు సగము సత్యమును పట్టుకొని రెండవవానితో కలహించును. రెండును చూచినవాడు సంవత్సరము లడుగును. విద్యార్థులకు మేము గఱపగోరునది యీ యడుగుటయే.

ఇట్టి నేర్పును గంట వెంట గంటగా నేర్పుటకు క్రమము కావలెను. ఆ క్రమమునకు విద్యావేత్తలు బోధనా రూపకల్పన యని పేరిడిరి. పేరు క్రొత్తగా దోచినను వేళ్లు పాతవి. మొదటి ప్రపంచయుద్ధకాలమున నోడలు కట్టు పనివారికి శీఘ్రముగా పని నేర్పవలసి వచ్చినపుడు, అమెరికాలో చార్లెసు ఆలెను అను నాయన సిద్ధపఱచుట, చూపుట, చేయించుట, పరీక్షించుట అను నాలుగు మెట్లను అమలుపఱచి, 1919లో గ్రంథముగా బ్రకటించెను. 1975 ప్రాంతమున ఫ్లారిడా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు సైనికశిక్షణకై కూర్చిన పద్ధతినుండి విశ్లేషణము, రూపకల్పన, సామగ్రీనిర్మాణము, ప్రయోగము, మూల్యాంకనము అను అయిదు దశలు వ్యాప్తిలోనికి వచ్చినవి. నడుమనున్న మూడును ఏ మంచి యుపాధ్యాయుడైనను కొంతవఱకు తనంతట చేయునవే. మొదటిదియు తుదిదియు మాత్రము తఱచుగ విడువబడుచున్నవి.

విశ్లేషణ మనగా, నేర్చువాడెవడో ముందు తెలిసికొనుట. మన పిల్లలెవరు? ఏటికి దాదాపు అయిదువందల యేబది మిల్లీమీటర్ల వాన మాత్రమే గల మెట్టసీమ వారు. వేరుసెనగ పండని యేట పెద్దలు కూలికై బెంగుళూరు వైపు తరలుదురు. పిల్లలు కొందఱు వారితో బోయి, కొన్ని వారములకు గాని తిరిగి రారు. ఇంట తెలుగు మాటలాడువారు, ఉర్దూ మాటలాడువారు, కన్నడము మాటలాడువారు గలరు. ఇట్టివారికి, గడచిన వారపు పాఠము వచ్చినగాని ఈ వారపు పాఠము బోధపడని గొలుసు కట్టరాదు. ప్రతి పాఠమును దానంతట నది పూర్తి కావలెను. ఒక గంట తప్పినవాడు తక్కిన గంటలు నష్టపోరాదు. వేఱొక దేశమున వ్రాసిన ప్రణాళికను తెచ్చి యిచట దించినచో ఈ సూక్ష్మము దానిలో నుండదు.

అటుపిమ్మట లక్ష్యము. “గ్రంథములయందు అభిరుచి గలుగును”, “గ్రంథాలయ ప్రయోజనము తెలిసికొనును” అని వ్రాయుట సులభము. అభిరుచి కలిగినదో లేదో చూచుట కష్టము. లక్ష్యమన్నది నేర్చినవాడు ఏమి చేసి చూపునో, ఏ పరిస్థితిలో చేయునో, ఎంత చక్కగా చేయునో చెప్పవలెనని మేగరు అను నాయన 1962లో వ్రాసెను. ఆ మాట మాకు మిక్కిలి నచ్చినది. దాని ననుసరించి మేము వ్రాసికొన్న దిది: “ఎనిమిదవ తరగతి విద్యార్థి, ఒరుల సాయము లేక, నలువది నిమిషములలో, ఒక స్థలమును గూర్చి రెండు గ్రంథములలో గల విషయమును సూచికల మూలమున కనుగొని, గ్రంథనామమును, ప్రచురించిన సంవత్సరమును, పుటసంఖ్యను వ్రాసి చూపును.” ఇది చేసెనా లేదా యనుటలో వాదమునకు తావు లేదు.

మన దేశమున నీ మార్గము తెలియనిది కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది మొదలు మన వారు గ్రంథములను జనుల యొద్దకు చేర్చుటకు బడిన పాట్లు సామాన్యములు గావు. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. మన సీమలో పడవకు నీరెక్కడిది అని కొందఱు నవ్వవచ్చును, నవ్వనిండు. చెన్నపట్టణమున రంగనాథన్ గారు గణితోపాధ్యాయులై యుండి 1924లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారులైరి. మొదట ఆ ఏకాంతమునకు విసిగి, తిరిగి కళాశాలకు బోవలెనని కోరినవా రాయన. ఆయన పూనికతోనే 1929లో మద్రాసు గ్రంథాలయ సంఘమువారు వేసవి శిక్షణ పాఠశాల తెఱచిరి. గ్రంథములతోపాటు వానిని వాడించువారిని గూడ తీర్చవలెనని వారెఱుగుదురు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1935లోనే గ్రంథాలయశాస్త్ర శిక్షణ మొదలైనది. గ్రంథాలయాధికారికి దొఱకిన ఆ శిక్షణలో నొక పాలు పాఠశాల బాలునకు రాకుండుటయే మాకు వింతగా నున్నది.

తల్లిదండ్రులు కొందఱు, “చేతిలోని ఫోను నడిగిన సమస్తము చెప్పుచుండగా సూచికలతో పని యేమి?” అందురు. ఫోనును మేము తూలనాడము. అయితే అదియు మన్రో సమాధి గుత్తిలో ననియు జెప్పును, చెన్నపట్టణమున ననియు జెప్పును. అది యెవరు వ్రాసిరో, ఏ యేట వ్రాసిరో అడుగు నలవాటు లేనివాడు మొదట కనబడినదానిని నమ్మును. ఆ యలవాటు రావలెనన్న, పుస్తకపు మొదటి పుటలో సంవత్సరమును వెదకుట చిన్నతనమున నేర్వవలెను. ఉపాధ్యాయుల యాక్షేపణ దీనికన్న బరువైనది: పాఠ్యభాగము ముగించుటకే దినములు చాలుటలేదు. నిజమే. కావున మేము వారపు గంట నడుగుటలేదు. ఏటికి ఆఱు గంటలు చాలును. అందు మూడు చరిత్రనుండియు, మూడు తెలుగు వ్యాసరచననుండియు దీసికొన్న, ఆ పాఠములును దీనివలననే సాగును గాని వెనుకబడవు.

తొలకరి పడగానే వజ్రకరూరు పొలములలో వజ్రములకై వంగి వెదకు జనమును మన మెఱుగుదుము. దొఱకినవాడు అదృష్టవంతుడు; దొఱకనివాడు మఱుసటి యేటికి వచ్చును. గ్రంథాలయమున కూడ అట్లు ఊరక త్రిప్పి చూచుటలో నొక సుఖము గలదు. దానిని మేము మాన్పింపబోము. తక్కిన గంటలన్నియు దానికే యుండనిండు. ఆఱు గంటలు మాత్రము ప్రణాళికతో నడువవలెను.

జూను నెలలో మొదటి పాఠమునకు ముందే ఎనిమిదవ తరగతివారికి ఒక చిన్న పరీక్ష పెట్టవలెనని మా సూచన. పై లక్ష్యమునే ప్రశ్నగా నిచ్చి, ఎందఱు చేయగలిగిరో లెక్క వ్రాసి యుంచవలెను. మరల మార్చినెలలో వేఱొక స్థలమును, పత్తికొండనో గుంతకల్లునో, ఇచ్చి అదే పరీక్ష పెట్టవలెను. చేయలేనివారి సంఖ్య తగ్గనిచో పిల్లలను మందలింపక పాఠమును దిద్దవలెను. ఆ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన మఱుసటి సంచికలో ప్రకటింప మేము సిద్ధముగా నున్నాము.