చైనా వెళ్లే అమ్మాయిలకు కావలసింది మ్యాచ్‌లు

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులవారికి,



2025 అక్టోబరులో బిష్కెక్‌లో ఉజ్బెకిస్థాన్ ముందుగా గోల్ కొట్టింది. విరామం తర్వాత మన అండర్-17 అమ్మాయిలు రెండు గోల్స్ వేసి 2–1తో గెలిచారు. ఆ గెలుపుతో 2026లో చైనాలో జరిగే ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ చోటు ఎవరో ఇచ్చింది కాదు, ఆడి తెచ్చుకున్నది.

2022 అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో మన జట్టుకు ఆతిథ్య దేశంగా చోటు దక్కింది. భువనేశ్వర్‌లో అమెరికా చేతిలో 0–8, మొరాకో చేతిలో 0–3, బ్రెజిల్ చేతిలో 0–5తో ఓడింది. టోర్నీకి రెండు నెలల ముందు ఫిఫా మీ సమాఖ్యను సస్పెండ్ చేయడంతో ఆతిథ్యమే సందేహంలో పడింది. ఆ పిల్లల పట్టుదలకు కొదవ లేదు. శిబిరాలూ విదేశీ పర్యటనలూ జరిగాయి. చిన్నప్పటి నుంచి ఏటా గట్టి లీగ్‌లలో ఆడే అవకాశం మాత్రం వాళ్లకు అంతగా దొరకలేదు.

చైనా విమానం ఎక్కేలోపు ఈ అమ్మాయిలకు బలమైన ఆసియా జట్లతో స్నేహపూర్వక మ్యాచ్‌లు ఏర్పాటు చేయండి. వాళ్లది పదో తరగతి, ఇంటర్ చదివే వయసు. శిబిరంలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులను కూడా పెట్టండి.

టోర్నీ ముగిశాక జట్టును చెదరనివ్వకండి.

నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య జాతీయ సీనియర్ జట్టు దాకా ఎదిగింది. ఆమె బాటలో రావలసిన అమ్మాయిలకు ప్రతి జిల్లాలో ఏటా లీగ్ కావాలి. దాని షెడ్యూల్‌ను జట్టు బయల్దేరే ముందే ప్రకటించండి.

ఇట్లు,
ఒక ఫుట్‌బాల్ అభిమాని