అర్జీలోని మాట ఎవరిది?

భాషాశాస్త్ర సదస్సులకూ స్త్రీల హక్కులకూ సంబంధం ఏమిటని మన సంఘంలోనే కొందరు అడుగుతున్నారు. స్టేషన్లో ఒక కేసు కట్టించడానికే రోజంతా సరిపోతుంటే, మాటలు లెక్కబెట్టేవాళ్ళ ప్రసంగాలు వినే తీరిక ఎవరికుందని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్రసంగాల్లో ఇప్పుడు లెక్కకొస్తున్నది మన మాటలే. సహాయ కేంద్రాలకొచ్చే స్త్రీల ఫిర్యాదులు, కోర్టు తీర్పులు, మన చావుల గురించి పత్రికలు రాసే నాలుగు వాక్యాలు పరిశోధనకు ముడిసరుకయ్యాయి. అక్కడ తేల్చిన విషయం ఆ హాల్లోనే ఉండిపోదు. రేపు ఏ కమిటీ నివేదికలోనో, ఏ వకీలు వాదనలోనో మన ముందుకే వస్తుంది.

ఆ విద్య ఏమిటో ముందు కొంచెం చెప్పుకోవాలి. జనం వాడే రాతనీ మాటనీ పెద్ద ఎత్తున పోగుచేసి, వెతకడానికి వీలుగా కంప్యూటర్లో భద్రపరిస్తే దాన్ని కార్పస్ అంటున్నారు. ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది, దాని పక్కన ఏ మాటలు చేరుతున్నాయి అన్నది అందులో చూస్తారు. ఆ మాటల వెనక ఎవరి ప్రయోజనం ఉంది, ఎవరిని చూపిస్తున్నారు, ఎవరిని దాస్తున్నారు అని విచారించేది డిస్కోర్స్ పరిశోధన. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1960లలో తయారైన కార్పస్ ఈ రంగంలో తొలి ప్రయత్నాల్లో ఒకటి. 1961లో అచ్చయిన 500 రచనల భాగాల నుంచి సుమారు 10 లక్షల మాటలు తీసుకున్నారు. అందులో 'అతడు' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట, 'ఆమె' అనే మాట కంటే మూడు రెట్లకు పైగా ఎక్కువసార్లు వచ్చింది. ఆడవాళ్ళు జనాభాలో సగమని అంటాం. అచ్చులో మాత్రం సగం కాదని అప్పుడే తేలింది.

తర్వాత 1994లో పూర్తయిన బ్రిటిష్ నేషనల్ కార్పస్ 10 కోట్ల మాటలది. పెళ్ళికాని మగవాణ్ణి సూచించే ఇంగ్లీషు మాట పక్కన 'తగిన వరుడు' అన్న భావం చేరుతుంటే, పెళ్ళికాని ఆడమనిషిని సూచించే మాట చుట్టూ జాలీ చిన్నచూపూ మూగుతున్నాయని పాల్ బేకర్ అనే పరిశోధకుడు 2006లో వచ్చిన తన పుస్తకంలో చూపించాడు. కూతుర్ని గుండెల మీద కుంపటి అనే మనకు ఇది తెలియడానికి కంప్యూటర్ కావాలా అనొచ్చు. నిజమే, తెలియడానికి అక్కర్లేదు. ఒప్పించడానికి కావాలి. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్‌లో 2001లో మొదలై రెండేళ్ళకోసారి జరుగుతున్న కార్పస్ లింగ్విస్టిక్స్ సదస్సు లాంటి చోట్ల ఇలాంటి పని చర్చకొస్తుంది. లాంకాస్టర్ వాళ్ళే, 1996 నుంచి 2005 దాకా శరణార్థుల గురించి బ్రిటిష్ పత్రికలు రాసిన 14 కోట్ల మాటలను పరిశీలించారు. దిక్కులేక వచ్చిన మనుషుల్ని వరదలాగా, ముంచెత్తే నీళ్ళలాగా చూపే పోలికలు ఎంత మామూలైపోయాయో బయటపెట్టారు.

ఈ పనిముట్టు మనకెందుకు అవసరమో చెబుతాను. 'కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య' అనే వార్త చదవని తెలుగు పాఠకురాలు ఉండదు. 'కుటుంబ కలహాలతో', 'క్షణికావేశంలో', 'జీవితంపై విరక్తి చెంది' అన్నవి కూడా అలాంటివే. భర్త ఆ వాక్యంలో ఉండడు. ఉన్నా శవాన్ని ఆస్పత్రికి తరలించేటప్పుడు కనిపిస్తాడు. 'బాలికపై అత్యాచారం జరిగింది' అంటారు. వాన కురిసింది, కరెంటు పోయింది అన్నట్టు అత్యాచారం దానంతటది జరిగిపోతుంది. మేము ఒక వార్త కత్తిరించి పత్రికాఫీసుకి తీసుకెళితే, ఒక్క వార్త పట్టుకుని ఇంత రాద్ధాంతమా అంటారు. అదే తీరు వాక్యాలు ఐదొందలు ఒకదాని కింద ఒకటి పేర్చి చూపితే ఆ జవాబు చెల్లదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు స్త్రీల గురించి కించపరిచే మాటలు తీర్పుల్లో వాడొద్దంటూ, వాటి బదులు ఏం రాయాలో చెబుతూ ఒక కరదీపిక విడుదల చేసింది. మంచి పనే. అయితే చెడ్డమాట తీసి మంచిమాట పెట్టినంత మాత్రాన వాక్యంలోంచి తప్పించుకున్నవాడు తిరిగి రాడు. వాక్యాల అల్లికను పట్టుకోవాలంటే ఈ పరిశోధన కావాలి.

కానీ ఇంగ్లీషుకు కుదిరిన కొలతను తెచ్చి తెలుగు మీద పెడితే కుదరదు. 'ఆమె' ఎన్నిసార్లు వచ్చిందో లెక్కబెడితే ఏం తెలుస్తుంది? మనం ఆ మాట అనకుండానే పేజీలకు పేజీలు మాట్లాడగలం. క్రియలోనే అంతా ఉంటుంది. ఆ క్రియ సంగతి మరీ విచిత్రం. బస్సు వచ్చింది, గేదె వచ్చింది, కోడలు వచ్చింది. కొడుకు మాత్రం వచ్చాడు. ఒంటరి ఆడదాన్ని వస్తువులతో, పశువులతో ఒకే గాట కట్టిన వ్యాకరణం, నలుగురు ఆడవాళ్ళు కలిస్తే 'వచ్చారు' అని మనుషుల్లో కలుపుతుంది! సంఘం పెట్టుకోవడానికి ఇంతకంటే కారణం ఏం కావాలని మా కార్యకర్త ఒకామె నవ్వుతూ అంటుంది. ఇవన్నీ తెలిసినవాళ్ళు చేయాల్సిన పని ఇది.

అసలు విషయానికొస్తాను. రెండేళ్ళ కిందట ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన రెండు రోజుల సదస్సుకు వెళ్ళాను. పేరు అనవసరం. వరకట్న వేధింపుల ఫిర్యాదుల భాష మీద ఒకాయన పత్రం సమర్పించాడు. ప్రసంగం ఇంగ్లీషులో, ఉదాహరణలు తెలుగులో. 'అదనపు కట్నం తేవాలని శారీరకంగా, మానసికంగా వేధిస్తున్నారు' అన్న వాక్యం తెర మీద వరసగా దిగుతూ పోయింది. అక్షరం తేడా లేదు. 'భర్త, అత్తమామలు, ఆడపడుచులు' కూడా అదే వరసలో. స్త్రీలు తమ బాధను అచ్చుపోసిన భాషలో చెప్పుకుంటున్నారని ఆయన తేల్చాడు. ఆయన ఉద్దేశం చెడ్డదని నేననను. కానీ ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి, "అందుకేనండీ సగం కేసులు కోర్టుల్లో నిలవవు, అన్నీ జిరాక్సు కాపీలే" అన్నాడు. హాలంతా నవ్వింది.

ఆ వాక్యం ఎవరు రాశారని ఎవరూ అడగలేదు. నేను లేచి అడిగితే, అది తమ పరిశోధన పరిధిలోకి రాదన్నారు. వచ్చి తీరాలి. మా కేంద్రానికొచ్చే ఆడమనిషి 'అదనపు కట్నం', 'మానసికంగా' అనే మాటలతో మొదలుపెట్టడం నేను వినలేదు. కూరలో ఉప్పెక్కువైందని కంచం విసిరిన సంగతి చెబుతుంది. సంక్రాంతికి పుట్టింటికి పంపని సంగతి, ఫోన్ లాక్కుని ఎవరితో మాట్లాడావని రాత్రంతా నిద్రపోనివ్వని సంగతి చెబుతుంది. పుస్తెలు కుదువబెట్టి తాగిన సంగతి చివర్లో, తలొంచుకుని చెబుతుంది. మధ్యలో "మంచోడే గానీ" అంటుంది. ఆ 'గానీ' దగ్గర ఎంత సేపు ఆగుతుందో మాకు తెలుసు. డిస్కోర్స్ పరిశోధకులు లెక్కబెట్టాల్సిన మాట ఏదైనా ఉంటే అదే.

స్టేషన్లో కాగితం పెట్టుకుని కూర్చున్న రైటరుకు ఇదంతా అక్కర్లేదు. "ఇవన్నీ ఎందుకమ్మా, కట్నం ఎంతిచ్చారో, ఇంకెంత అడుగుతున్నారో చెప్పు" అంటాడు. ప్లీడరు గుమాస్తా దగ్గరికెళ్ళినా అదే తంతు. వాళ్ళ దగ్గర నమూనా ఒకటి సిద్ధంగా ఉంటుంది. పేర్లు మారతాయి, తేదీలు మారతాయి. ఆమె వేలిముద్రో సంతకమో పడుతుంది. అంటే తెర మీద మేము చూసింది స్త్రీల భాష కాదు, గుమాస్తాల భాష. వాళ్ళ వాక్యం ఒకేలా ఉంది కాబట్టి వీళ్ళ దెబ్బలు అబద్ధమంటున్నారు.

ఇది ఊరికే భాషా చర్చ కాదు. 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన 498-ఎ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. అందులో క్రూరత్వానికి రెండు అర్థాలు చెప్పారు. కట్నం కోసం వేధించడం రెండోది. మొదటిదానికి కట్నంతో పని లేదు. ఆత్మహత్యకు పురిగొల్పేంతగా, లేదా శరీరానికో మనసుకో తీవ్రంగా హాని కలిగేంతగా ప్రవర్తిస్తే చాలు. కంచం విసరడం, నిద్రపోనివ్వకపోవడం రోజూ సాగితే అవి ఆ మొదటి అర్థం కిందకు రావాల్సిన విషయాలు. నమూనా అర్జీలో ముందు ఎగిరిపోయేవి అవే. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, నిర్దిష్టమైన వివరాల్లేకుండా భర్త బంధువులందరి మీదా ఆరోపణలు చేయడాన్ని సుప్రీంకోర్టు తప్పుబట్టింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఇంకో కేసులో, కట్నం అడగకపోయినా 498-ఎ వర్తిస్తుందని స్పష్టం చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. నిర్దిష్టంగా చెప్పమంటోంది కోర్టు. ఆమె నిర్దిష్టంగానే చెప్పింది. నిర్దిష్టతను తీసేసింది కాగితం. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులే రాసుకుని, ఆమెకు చదివి వినిపించి, అప్పుడే సంతకం తీసుకోవాలని, కాపీ ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలోనూ ఇదే ఉంది. చదివి వినిపించే స్టేషన్లు ఎన్నో మీకూ తెలుసు.

పరిశోధకులు కోరుకున్నా స్త్రీల మాట దొరకడం కష్టమే, ఎందుకంటే మన భాషకు తొలినాళ్ళలో వచ్చిన పెద్ద కార్పస్‌లు అచ్చు మీద నిలబడ్డవి. 1991లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలకు తలా 30 లక్షల మాటల కార్పస్ తలపెట్టినప్పుడు, తెలుగు పని మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థకు వచ్చింది. అది అచ్చయిన రచనల సేకరణ. అదే సంస్థ, లాంకాస్టర్ కలిసి 2003 నాటికి 14 దక్షిణాసియా భాషలకు పెద్ద సేకరణ తెచ్చాయి. అందులో మాట్లాడే భాష అయిదింటికే ఉంది: హిందీ, ఉర్దూ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ. తెలుగు అందులో రాత మాత్రమే. అచ్చులోకి ఎక్కనివాళ్ళు లెక్కలోకీ ఎక్కరు.

మాట సేకరించడం మనకు చేతకాని పనేం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తి పదకోశాలు వచ్చాయంటే రైతుల దగ్గరికీ నేతగాళ్ళ దగ్గరికీ వెళ్ళి అడగడం వల్లే. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథ తామే చెప్పారు. అడిగినవాళ్ళెవరో, చెప్పినవాళ్ళెవరో ఆ పుస్తకంలో తెలుస్తూనే ఉంటుంది.

ఆ సదస్సులో నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టిన సంగతి వేరే ఉంది. తెర మీద చూపిన ఒక అర్జీలో పేరు కొట్టేశారు గానీ ఊరు, భర్త నడిపే షాపు, పిల్లల వయసులు అలాగే ఉన్నాయి. ఆ మండలం వాళ్ళెవరైనా హాల్లో ఉంటే అర నిమిషంలో ఆమెను పోల్చుకుంటారు. ఆమెను అడిగారా అంటే, "పేరు తీసేశాం కదా మేడమ్" అన్నారు. బ్రిటిష్ కార్పస్ కోసం 124 మంది మామూలు మనుషులు టేప్ రికార్డర్లు వెంట పెట్టుకుని తిరిగారు. వాళ్ళతో మాట్లాడినవాళ్ళు ఇష్టం లేదంటే ఆ సంభాషణ చెరిపేయాలన్నది నియమం. టీ దగ్గర చెప్పుకున్న కబుర్లకే ఆ మర్యాద ఉన్నప్పుడు, దెబ్బలు తిని స్టేషనుకొచ్చినామె మాటకు ఎందుకుండదు? అర్జీ పోలీసుల దగ్గర ఉన్నంత మాత్రాన అది పరిశోధకుల సొత్తు కాదు.

ఆ తర్వాత మా కేంద్రంలో పద్ధతి మార్చుకున్నాం. వచ్చినామె చెప్పింది చెప్పినట్టు, ఆమె యాసలోనే, 'గానీ'లతో సహా ముందొక కాగితం మీద రాస్తాం. చదివి వినిపిస్తాం. తేదీలు, దెబ్బలు, చూసినవాళ్ళ పేర్లు అందులోంచే అర్జీలోకి ఎక్కిస్తాం. రెండు కాగితాలూ ఆమెకే ఇస్తాం. ఈమధ్య ఒక కేసులో, ఇది నమూనా ఫిర్యాదని అవతలి వకీలు అన్నప్పుడు ఆ మొదటి కాగితమే అక్కరకొచ్చింది.

పోయిన నెల పరిశోధన చేస్తున్న ఒకమ్మాయి మా దగ్గరికొచ్చి పాత అర్జీలు కావాలని అడిగింది. తెలివైన పిల్ల. ఏదో సదస్సుకు సంక్షిప్త పత్రం పంపాలట, గడువు దగ్గర పడిందట. మేము కుదరదనలేదు. ప్రతి అర్జీ దగ్గరా అది ఎవరు రాశారో పక్కన నమోదు చేయాలన్నాం. ఒక్కొక్కరినీ అడిగి, వద్దన్నవాళ్ళది పక్కన పెట్టాలన్నాం. అక్కడ ఇంగ్లీషులో చదివే పత్రం అంతకుముందే మా బుధవారం సమావేశంలో తెలుగులో చదవాలని, తప్పనిపిస్తే ఆడవాళ్ళు చెప్పింది అందులో చేర్చాలని కూడా అన్నాం. గడువులోగా ఇదంతా అవుతుందా అని ఆ అమ్మాయి కంగారుపడింది. గైడును అడిగి చెబుతానక్కా అని వెళ్ళింది. ఇంకా కబురు రాలేదు.