నష్టము కారణమా? ఫలితమా?

కంప్యూటర్ నెట్‌వర్కులలో సమాచారము ప్యాకెట్లను చిన్న భాగములుగా ప్రయాణించును. త్రోవ ఇరుకైనచో రౌటరు వానిని వరుసలో నిలుపును. వరుస నిండినచో పిమ్మట వచ్చినవానిని విడిచివేయును. ఈ నష్టమును ప్రయోగశాలలో అనుకరించుట విద్యార్థులకు మంచి అభ్యాసమే. కాని ఆ అనుకరణము తరచుగా జరుగు తీరు సరియైనది కాదని నా అభిప్రాయము.

నూటికొక ప్యాకెట్టును యాదృచ్ఛికముగా పారవేయుమని ఒక్క ఆజ్ఞ వ్రాసి, రద్దీని సృష్టించితిమని తృప్తిపడుట కలదు. అది రద్దీ కాదు, చీట్లు తీయుట మాత్రమే. రద్దీలో నష్టము వెలుపలినుండి వచ్చి పడునది కాదు. పంపువారి తొందరనుండియే పుట్టునది.

నల్లబల్లమీదనే దీనిని చూపవచ్చును. సెకనుకు 10 ప్యాకెట్లను పంపగల లింకు, 20 ప్యాకెట్లు పట్టు వరుస కలవనుకొందము. ఇద్దరు చెరి 8 చొప్పున పంపినచో 16 వచ్చి 10 పోవును. మిగిలిన 6 పేరుకొనుచు నాలుగవ సెకనులో వరుస నిండును. అటుపై సెకనుకు 6 చొప్పున నష్టమగును. ఇద్దరును వేగమును సగమునకు తగ్గించినచో వచ్చునవి 8 మాత్రమే; వరుస క్రమముగా ఖాళీయగును, నష్టము నిలిచిపోవును. చీట్ల పద్ధతిలోనో, ఎంత తగ్గించినను నూటికొకటి పోవుచునే యుండును. అచ్చట నిగ్రహమునకు ఫలము లేదు, దూకుడునకు దండన లేదు. అట్టి పరీక్షలో దురాశాపరుడైన ప్రోగ్రామే మొదటి బహుమతి పొందును!

ఇది స్వల్పభేదము కాదు. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణమునకును నడుమ, 400 గజముల దూరములోనే, సమాచారవేగము సెకనుకు 32,000 బిట్లనుండి 40 బిట్లకు పడిపోయినది. దారిలో నిలిచియున్నవానినే పోయినవనుకొని మరల మరల పంపుట రద్దీని మరింత పెంచినది. వాన్ జేకబ్సన్ 1988లో ప్రకటించిన వ్యాసములో, నష్టమును రద్దీకి సంకేతముగా గ్రహించి వేగమును తగ్గించుకొను పద్ధతిని వివరించెను. ఆ సద్బుద్ధికి విలువ నీయని పరీక్ష పరీక్షయే కాదు.

రేడియో తరంగములు చెదరుటచే కలుగు నష్టమునకు యాదృచ్ఛిక నమూనా కొంత తగునని ఒప్పుకొనవచ్చును. అచ్చటను దోషములు గుంపులుగా రాగలవని తెలుపు నమూనాను గిల్బర్ట్ 1960లోనే రచించెను.

కావున ఉపాధ్యాయులు నష్టమునిచ్చి ప్రయోగము చేయుమనరాదు. లింకు వేగమును, వరుస పొడవును, పంపువారి సంఖ్యను ఇచ్చి, నష్టమెంతయో కనుగొనుమనవలెను. ఫలితమును కారణస్థానమున కూర్చుండబెట్టినచో విద్యార్థికి అంకెలు దొరకును, జ్ఞానము దొరకదు.