వేపచెట్టు క్రింది బాలుడు

పాఠశాల విద్యాశాఖ కమిషనరుగారి సముఖమునకు,

ఆర్యా,

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము తన 17వ విభాగమున దేహదండనమును, మానసిక హింసను నిషేధించినది. కాని బెత్తము విడిచిన యుపాధ్యాయుని చేతికి మఱియొక సాధనము నందించు భారము మీ శాఖపై నిలిచియున్నది. ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు గల పిల్లలు, బాల్యము వీడియు వీడని యా సంధివయస్సున, కేకలకు లొంగరు.

అమెరికా పాఠశాలలలో మూడంచెల పద్ధతి యొకటి చిరకాలముగా నాచరణమునం దున్నది: భోజనపు వరుసలో నిలుచుట మొదలగు నడవడిని లెక్కలవలె నందఱికిని నేర్పి మెచ్చుకొనుట మొదటిది; మిక్కిలి కొలదిమందికై, ప్రవర్తనకు మూలమరసి, తల్లిదండ్రులతోఁ గూడి వేయు ప్రణాళిక కడపటిది. నడిమిదానియందే నాకు మక్కువ యెక్కువ; అది యెట్టిదో యీ క్రింది యుదంతము తెలుపును.

నే నెఱిగిన యేడవ తరగతి బాలుఁ డొకఁడు, నిత్యము నాలస్యముగా వచ్చి, వేపచెట్టు క్రింద నిలువఁబడి, తుదకు తరగతిలో కలహములకు దిగుచుండెను. ఒక యుపాధ్యాయిని ప్రతి యుదయము గుమ్మముకడ వానిని రెండు నిమిషములు పలుకరించి, ఆనాఁడు సాధింపవలసిన దొక్కటి చీటిపై వ్రాసియిచ్చి, సాయంకాలము దానిని వానితోఁ గలిసి చూచుచుండఁగా, మూఁడవ వారమున వాఁడే చెప్పెను: తల్లి తెల్లవాఱకముందే కూలికి పోవును, చెల్లెలిని అంగన్‌వాడీలో దింపి రావలసినవాఁడు తానే. ఆ చీటి లేకున్న నీ మాట యెన్నఁటికిని బయటపడకుండెడిది.

కావున, జూన్ మాసమున బడులు తెఱచులోపల, ప్రతి ప్రాథమికోన్నత పాఠశాలలో నొక యుపాధ్యాయునకు ఈ నడిమి యంచె పద్ధతియందు శిక్షణ నిప్పించి, దినమున కరగంట కాలపట్టికలోనే కేటాయింపఁ బ్రార్థించుచున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుఁ డొకఁడు